“నేనే బెస్ట్” అని రోజూ అనిపిస్తే మా అమ్మాయి ఏడ్చేసింది

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. చదువులో ఎప్పుడూ వెనకబడింది లేదు. ఈ ఏడాది నుంచే పరీక్ష అనగానే బెంబేలెత్తిపోతోంది. ముందు రోజు రాత్రి పుస్తకం ముందేసుకుని ‘నా వల్ల కాదు, నా పని అయిపోయింది’ అని తనలో తను గొణుక్కుంటూ ఉంటుంది. మొన్న ఒక లెక్క రాయడం, చెరపడం, మళ్లీ రాయడం, మళ్లీ చెరపడం. కాగితం చిరిగేదాకా అదే పని. పాజిటివ్ సెల్ఫ్ టాక్, అంటే మనకు మనం మంచి మాటలు చెప్పుకోవడం, మంచిదని విని, ‘నేను ఏదైనా సాధించగలను, నేనే బెస్ట్’ అని కాగితం మీద రాసి అద్దానికి అంటించాను. రోజూ పొద్దున పదిసార్లు పైకి అనమన్నాను. వారం రోజులు అంది. ఎనిమిదో రోజు సగంలో ఆపేసి ఏడ్చేసింది. ‘పొద్దున్నే నాతో అబద్ధం ఎందుకు చెప్పిస్తావమ్మా?’ అంది. మంచి చేయబోయి ఇంకా బాధపెట్టానా? అసలు ఈ సెల్ఫ్ టాక్ అనేదే దండగా?
— ఒక తల్లి

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ, మీ అమ్మాయి అన్న ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది మొండితనం కాదండీ, మీ మీద కోపం అంతకన్నా కాదు. లోపల ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చెప్పింది. అలా చెప్పగలిగే పిల్లలు తక్కువ. చాలామంది పది రోజులు అనేసి, ‘అందరికీ పనిచేసేది నాకు పనిచేయలేదు, నాలోనే ఏదో లోపం ఉంది’ అనుకుని ఊరుకుంటారు.

మీ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. సెల్ఫ్ టాక్ దండగ కాదు. మీరు రాసిచ్చిన వాక్యం మాత్రం తనకు సరిపడలేదు.

ఇలా జరిగింది మీ అమ్మాయి ఒక్కదానికే కాదు. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో జోయాన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ‘నేను ప్రేమించదగ్గ మనిషిని’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని కొందరి చేత మళ్లీ మళ్లీ అనిపించి చూశారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు దానివల్ల కాస్త మేలు జరిగింది. తమను తాము తక్కువ చేసుకునే అలవాటున్నవాళ్లు మాత్రం, ఆ వాక్యం అననివాళ్ల కన్నా ఎక్కువ దిగాలుపడ్డారు. ధైర్యం ఎవరికి బాగా అవసరమో వాళ్లకే అది ఎదురుతిరిగింది.

ఎందుకని? పెద్ద మాట అనగానే మనసు ఊరుకోదు, లెక్క అడుగుతుంది. ‘నేనే బెస్ట్’ అంటుంది అమ్మాయి. ‘మరి పోయిన పరీక్షలో ఆ మార్కులేంటి?’ అంటుంది మనసు. పదిసార్లు అంటే పదిసార్లూ అడుగుతుంది. పొద్దున్నే తనకు ధైర్యం అందుతోందని మీరనుకున్నారు. పాపం, తను రోజూ పదిసార్లు వాదనలో ఓడిపోయి అక్కడి నుంచి కదిలేది.

ఒకే వాక్యాన్ని జపంలా అనుకునే పద్ధతి నిన్నమొన్నటిది కాదు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కూయే (1857–1926) అనే ఫార్మసిస్టు ఉండేవాడు. ‘రోజురోజుకూ అన్నివిధాలా బాగుపడుతున్నాను’ అనే వాక్యాన్ని పొద్దున లేచే ముందు, రాత్రి పడుకోగానే ఇరవైసార్లు, పెదాలు కదుపుతూ అనుకోమనేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన దారం చేత్తో పట్టుకోమనేవాడు. ఆయన కూడా ‘బాగుపడుతున్నాను’ అనమన్నాడే గానీ ‘నేనే గొప్ప’ అనమనలేదు. నడుస్తున్న మనిషి మాటకూ గెలిచేసిన మనిషి మాటకూ చాలా తేడా ఉంది.

తెలుగులో ‘కొను’ చేరిస్తే చాలు, ఎదుటివాళ్లకు చేసేది మనకు మనం చేసుకునేది అయిపోతుంది. తిట్టడం తిట్టుకోవడం అవుతుంది. సర్దిచెప్పడం సర్దిచెప్పుకోవడం అవుతుంది. ధైర్యం చెప్పడం ధైర్యం చెప్పుకోవడం అవుతుంది. సెల్ఫ్ టాక్ అన్న పేరు కొత్తగా వినిపిస్తోంది గానీ ఆ పని మనందరం చేస్తూనే ఉన్నాం. మీ అమ్మాయీ చేస్తోంది. ‘నా వల్ల కాదు’ అని గొణుక్కోవడమూ సెల్ఫ్ టాకే. తనకు ఆ విద్య బాగానే వచ్చు. ఇప్పుడు తిట్టుకోవడానికి వాడుతోంది, అంతే తేడా.

ఆ గొణుగుడు వినపడగానే ‘అలా అనుకోకు’ అని మాత్రం అనకండి. ప్రేమతోనే అంటామని నాకు తెలుసు. కానీ అది పనిచేయదు. డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో కొందరిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటిని మాత్రం తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంట మోగుతూనే ఉంది. వద్దన్న ఆలోచనే తలలో కూర్చుంటుంది. పైగా ‘నా వల్ల కాదు’ అనేది మీ అమ్మాయి కావాలని తెచ్చుకుంటున్న ఆలోచన కాదు. పిలవకుండానే తన్నుకొచ్చే ఇలాంటివాటికి, ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో ఆటోమేటిక్ ఆలోచనలు అని పేరు పెట్టాడు. ఎంత వేగంగా వస్తాయంటే, అది ఒక ఆలోచన అని కూడా తోచదు, నిజం అనే అనిపిస్తుంది. ఆవేశాన్ని, భయాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా పరిణతి చెందేది ఇరవై దాటి, పాతికేళ్లు దగ్గరపడ్డాకే. 17 ఏళ్ల పిల్ల ఆ వేగానికి కొట్టుకుపోతోందంటే తప్పు పట్టాల్సిందేమీ లేదు.

అణచిపెట్టడం కాదు, బయటపెట్టడం కావాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే అతనికి చెమటలు పట్టేవి. ఒక కాగితం ఇచ్చి మధ్యలో నిలువుగా గీత గీయమన్నాను. ఎడమవైపు, మనసులో మాట వచ్చింది వచ్చినట్టు రాయమన్నాను. ‘నోరు తెరవగానే అందరూ నవ్వుతారు’ అని రాశాడు. ఇదే బాధ నీ ప్రాణస్నేహితుడు చెప్పుకుంటే నువ్వేమంటావో కుడివైపు రాయమన్నాను. ‘ఎవరూ నవ్వరు’ అని రాశాడు. ‘నవ్వితే?’ అని తనే అడిగి, తనే కొట్టేశాడు. ‘నవ్వినా నేను లెక్కచేయను’ అని రాశాడు. అదీ కొట్టేశాడు. మూడోది ‘నేను బాగా మాట్లాడతాను’. అది పూర్తి కాకుండానే పెన్ను ఆగిపోయింది. కాసేపు కిటికీ వైపు చూసి నాలుగోది రాశాడు: ‘మొదటి రెండు నిమిషాలు నా గొంతు వణుకుతుంది. పోయినసారీ వణికింది. అయినా చివరిదాకా చెప్పాను.’

రాశాక ఊపిరి వదిలాడు. చెవుల దాకా లేచి ఉన్న భుజాలు కిందికి దిగాయి. నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ నాలుగో వాక్యంలో గొప్ప మాట ఒక్కటీ లేదు చూడండి. గొంతు వణుకుతుందని ఒప్పేసుకుంది. ఆ వెంటనే, నిజంగా జరిగిన ఒక సంగతి గుర్తుచేసింది. ఇక మనసుకు వాదించడానికి సందెక్కడ ఉంది? నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఇదొక్కటే. వాక్యం అనుకున్నాక లోపల నుంచి ‘కానీ...’ అని వినపడిందా, ఆ వాక్యం పెద్దదైపోయినట్టు. ఇంకాస్త తగ్గించాలి. ‘కానీ’ రాకుండా నిలబడేదాకా తగ్గించుకుంటూ పోవాలి. ‘నేను ఏదైనా సాధించగలను’ దగ్గర మొదలైనది ‘ఈ పాఠంలో మొదటి మూడు లెక్కలు నాకొచ్చు’ దగ్గర ఆగినా సరే. చిన్నదే, కానీ కాలు పెడితే కూలని నేల అది.

మీ అమ్మాయి విషయంలో నాకు తోచిన మాట ఒకటుంది. ‘రాదు’ అనడానికీ ‘ఇంకా రాలేదు’ అనడానికీ మధ్య దూరం. ‘ఈ లెక్క నాకు రాదు’ అంటే తలుపు మూసేసినట్టే. ‘ఈ లెక్క ఇంకా రాలేదు, ఇలాంటివే పోయిన వారం రెండు చేశాను’ అంటే అందులో అబద్ధం లేదు, మూసుకుపోవడమూ లేదు. ఆ ‘ఇంకా’ను తను పట్టుకోగలిగితే చాలు. మీరు అందివ్వకండి. ‘నువ్వైతే ఎలా అంటావు?’ అని అడిగి ఊరుకోండి. మనం రాసిచ్చిన వాక్యం మన వాక్యంగానే మిగిలిపోతుంది. అద్దం మీది కాగితానికి జరిగిందీ అదే.

కాగితం చిరిగేదాకా చెరపడం గురించి రాశారు కదా. అక్కడ ధైర్యపు మాటల కన్నా పని చెప్పే మాటలు అక్కరకొస్తాయి. ఆటగాళ్లు ఇలాంటివి బాగా వాడతారు, ‘బంతి మీద చూపు’, ‘మోచేయి పైకి’ అని తమకు తాము చెప్పుకుంటూ. గ్రీస్ పరిశోధకులు 2011లో 32 అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే, ఇలా తమతో తాము మాట్లాడుకోవడం వల్ల ఆట మెరుగవుతుందని తేలింది. సున్నితమైన కదలికలు అవసరమైన పనుల్లో మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది. చేయి వణుకుతున్నప్పుడు మీ అమ్మాయి అనుకోవడానికి రెండే మాటలు చాలు. ‘చెరపకు. ఒక గీత కొట్టి కింద రాయి.’ పరీక్షలో కూడా అంతే. ‘ప్రశ్న మళ్లీ చదువు. ఏమడిగారో దాని కింద గీత గీయి.’ మెదడు భయంతో బిగుసుకుపోయినప్పుడు పెద్ద ఉపన్యాసం వినదు. చేతికి పని చెబితే వింటుంది.

ఇంకో ఉపాయం వింటే మొదట వింతగా ఉంటుంది. తనను తను పేరు పెట్టి పిలుచుకుని, ‘నువ్వు’ అని మాట్లాడుకోవడం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఏతన్ క్రాస్ అనే పరిశోధకుడు, ఆయన బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు ‘నేను’ అనకుండా తమ పేరుతో తమతో మాట్లాడుకున్నవాళ్లు తక్కువ ఆందోళన పడ్డారు, మాట్లాడటమూ మెరుగ్గా మాట్లాడారు. ‘నేనెందుకిలా భయపడుతున్నాను’ అనుకుంటే భయంలోనే ఉండిపోతాం. పేరు పెట్టి ‘ఏమైంది నీకు, ఏది కష్టంగా ఉంది చెప్పు’ అనుకుంటే ఒక అడుగు పక్కకు జరిగి చూసినట్టుంటుంది. స్నేహితురాలికి కష్టమొస్తే ఎంత చక్కగా చెబుతామో మీకు తెలుసు. ఆ చక్కదనం మన వంతు వచ్చేసరికి ఎక్కడికో పోతుంది. పేరుతో పిలుచుకోవడం దాన్ని వెనక్కి తెస్తుంది. పైకి అనక్కర్లేదు, మనసులో అనుకున్నా చాలు.

గుండె దడ గురించి కూడా తనతో మాట్లాడండి. పరీక్ష హాలు ముందు గుండె వేగంగా కొట్టుకోగానే పిల్లలు ‘అదిగో, టెన్షన్ మొదలైంది, ఇక అంతే’ అనుకుంటారు. ఆ అనుకోవడంతో దడ రెట్టింపవుతుంది. నిజానికి అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై, కండరాలకూ మెదడుకూ రక్తం ఎక్కువ అందించడానికి గుండె పని పెంచింది. పరుగు పందెం ముందూ అలాగే కొట్టుకుంటుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో పాట, ప్రసంగం, లెక్కలు, మూడింటిలోనూ ఆ కంగారును ఉత్సాహంగా మలుచుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. ‘కంగారు పడకు, ప్రశాంతంగా ఉండు’ అనడం కన్నా ‘ఒళ్లు సిద్ధమవుతోంది’ అనడం ఎందుకు తేలికంటే, మొదటిది దడను ఆపమంటుంది, అది మన చేతిలో లేదు. రెండోది దడను ఉండనిచ్చి, దాని పేరు మాత్రం మారుస్తుంది.

పరీక్షకు ముందు ఒక పది నిమిషాలు దొరికితే, మనసులో ఉన్న భయాలన్నీ కాగితం మీద రాసేయమనండి. జెరార్డో రామిరెజ్, షాన్ బైలాక్ అనే పరిశోధకులు 2011లో చేసిన అధ్యయనంలో, పరీక్ష భయం ఎక్కువగా ఉన్న విద్యార్థులకు ఇది మార్కుల్లోనే కనిపించేంత మేలు చేసింది. రాశాక చించి పారేసినా ఫరవాలేదు.

ఇవన్నీ పరీక్ష ముందు రాత్రి మొదలుపెట్టేవి కావు. అంత ఒత్తిడిలో కొత్త మాట నోటికి రాదు, పాత మాటే వస్తుంది. వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోయినప్పుడు, ఫోన్‌లో స్నేహితురాలు జవాబివ్వనప్పుడు, ఆటలో ఓడిపోయినప్పుడు, అంటే చిన్న చిన్న చికాకుల దగ్గర సాధన చేయాలి.

ఇప్పుడు మీ గురించి ఒక మాట. చిన్నపిల్లలు బొమ్మలు పేరుస్తూ ‘ఇది ఇక్కడ పెట్టాలి, అయ్యో పడిపోయింది, మళ్లీ పెడదాం’ అని పైకే మాట్లాడుకుంటూ ఉంటారు కదా. సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) ఈ మాటలను శ్రద్ధగా గమనించాడు. చుట్టూ ఉన్న పెద్దలతో మాట్లాడుతూ నేర్చుకున్న మాటలతోనే పిల్లలు తమను తాము నడిపించుకుంటారని, వయసు పెరిగేకొద్దీ ఆ మాట గుసగుసగా మారి చివరికి లోపలికి వెళ్లిపోతుందని చెప్పాడు. దాన్నే మనం అంతరంగం అంటున్నాం. మీ అమ్మాయి లోపల వినపడే గొంతులో మన ఇళ్ల గొంతూ కొంత ఉంటుంది. మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఒక్క వారం పాటు మీ మాట మీరే వినండి. చేతిలో గ్లాసు జారి పగిలితే మిమ్మల్ని మీరు ఏమంటున్నారు? ‘ఛీ, నా చేతికి ఏదీ సవ్యంగా రాదు’ అంటున్నారా? పిల్లలు మనం వాళ్లకు చెప్పేవి సగం వింటారు. మనకు మనం చెప్పుకునేవి పూర్తిగా వింటారు. ‘అరె, జారింది. ముందు ముక్కలు ఏరేద్దాం’ అని తన ముందు పైకి అన్నారనుకోండి, అద్దం మీద కాగితం చేయలేని పని అది చేస్తుంది.

మాటలతో అన్నీ తీరిపోవు కూడా. తన వయసువాళ్లకు రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అది లేకపోతే ఏ వాక్యమూ నిలబడదు. ‘ఈ ఏడాది నుంచే’ అని రాశారు, అది నన్ను ఆలోచనలో పడేసింది. ఈ ఏడాది ఏం మారింది? ఇష్టం లేని చదువులో చేరిందా, ఎవరైనా ఏడిపిస్తున్నారా, మోయలేనంత పని పడుతోందా? అలాంటిదేదైనా ఉంటే, దాన్ని భరించడానికి పాజిటివ్ మాటలు నేర్పడం అన్యాయం. ఆ బరువును దించాలి. కారణం కనుక్కోవడానికి ప్రశ్నల వర్షం కురిపించకండి. పక్కన ఏదో పని చేసుకుంటూ కూర్చోండి, తనే చెబుతుంది.

రెండు వారాలకు మించి దిగులుగా ఉంటున్నా, తిండీ నిద్రా దెబ్బతిన్నా, ఇష్టమైనవన్నీ వదిలేసి గదికే పరిమితమైపోతున్నా సైకాలజిస్టు దగ్గరికో డాక్టర్ దగ్గరికో తీసుకెళ్లండి. ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట వినపడితే వారం పదిరోజులు ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే ఎంతోమందికి గుండె బరువు తగ్గుతుంది. ఆ సమయంలో తనను ఒంటరిగా వదలకండి.

ఈ రోజు చేయాల్సింది ఒకటే. తన పక్కన కూర్చుని, ‘ఆ రోజు నువ్వన్నది నిజమే. నీకు నిజం అనిపించని మాట నీ చేత అనిపించాను, ఇక అనమనను’ అని చెప్పండి. వెంటనే సలహా ఇవ్వకండి. తను ఏడిస్తే ఏడవనివ్వండి. అద్దం మీది కాగితం మీరు తీయకండి, ఏం చేద్దామని తననే అడగండి. తీసేసి ఆ చోట తనదైన వాక్యం ఒకటి పెట్టుకోవచ్చు, పెన్సిల్‌తో రాసుకుంటే వారానికోసారి మార్చుకోవచ్చు. ఏమీ పెట్టకుండా అద్దాన్ని అద్దంలాగే వదిలేస్తానన్నా సరేనండి.